అటకెక్కిన బొంతల కోసం ఒక మధ్యాహ్నం

రెండు తెలుగు రాష్ట్రాల మండల మహిళా సమాఖ్యల అధ్యక్షురాళ్లకు,

అక్కలారా, ఈ ఉత్తరం అప్పు కోసం కాదు, కొత్త పథకం కోసమూ కాదు. మీ సమాఖ్య భవనంలో నెలనెలా సమావేశం జరిగే పెద్ద గది ఉంది కదా, దాన్ని వారానికి ఒక్క మధ్యాహ్నం తెరిచి ఉంచమని అడుగుతున్నాను. మీ మండలంలో సగంలో ఆగిపోయిన బొంతలున్న ఆడవాళ్లు వాటిని తెచ్చుకుని, నేల మీద పరుచుకుని, నలుగురూ కలిసి కుట్టి ముగించుకుంటారు. ఇంత చిన్న సంగతికి బహిరంగంగా ఉత్తరం ఎందుకంటే, ఒక మండలానికి చెబితే ఆ మండలంలోనే ఆగిపోతుంది. ఆగిపోయిన బొంత ఒక్కటైనా లేని ఊరిని నేనింతవరకు చూడలేదు.

ఎక్కడుంటాయవి? ట్రంకుపెట్టె అడుగున, బీరువా మీద, అటక మీద గోనెసంచిలో మూటకట్టి. విప్పి చూస్తే పైన అమ్మ కట్టిన వెంకటగిరి నూలు చీరో, అత్తగారి నారాయణపేట చీరో ఉంటుంది. కింద ఇంకొకటి. నడుమ నాన్న పంచె ముక్కలు, పిల్లల గౌన్లు, పాత లంగాలు, పిగిలిపోయిన దుప్పటి. నాలుగంచులూ కుట్టి ఉంటాయి. ఒక పక్క నుంచి అయిదారు వరుసలు తిన్నగా నడిచి ఉంటాయి. ఆ తర్వాత ఏమీ ఉండదు. ఒక్కోసారి సూది కూడా ఆగినచోటే తుప్పుపట్టి గుచ్చుకుని ఉంటుంది.

మొదలుపెట్టి వదిలేసిందని ఆ కుట్టిన మనిషిని తేలిగ్గా అనేవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది. ఒక్కసారి లెక్క వేయండి. అయిదున్నర మీటర్ల చీరను మూడు మడతలు వేస్తే ఆరడుగుల పొడవు, నాలుగడుగులకు కాస్త తక్కువ వెడల్పు వస్తుంది. మంచానికి సరిపోయే బొంత కొలత అదే. అంగుళానికో వరుస చొప్పున కుడితే దాదాపు నలభై అయిదు వరుసలు. ఒక్కో వరుస ఆరడుగులు. అన్నీ కలిపితే 270 అడుగులు, అంటే ఎనభై మీటర్లకు పైగా కుట్టు. ఆరేడు పొరల గుడ్డలోంచి సూదిని దించి తీయాలి కాబట్టి, చేయి తిరిగిన మనిషికైనా వరుసకు అరగంట పడుతుందనుకుందాం. ఇరవై రెండు గంటలకు పైన పని. పొలానికో ఉపాధి పనికో పోయివచ్చి, వంట చేసి, పశువులను చూసుకుని, పిల్లలను పడుకోబెట్టాక ఆ ఇరవై రెండు గంటలు ఎక్కడ దొరుకుతాయి? అదే నలుగురు కూర్చుంటే మనిషికి అయిదున్నర గంటలు. రెండేసి గంటల చొప్పున మూడు మధ్యాహ్నాల్లో తేలిపోతుంది.

మన పెద్దవాళ్లు అలాగే కుట్టేవాళ్లు. కోతలు అయిపోయాక, ఎండలు ముదిరిన రోజుల్లో, అరుగు మీదో వేపచెట్టు కిందో బొంత పరిచి నాలుగు పక్కలా నలుగురు కూర్చునేవాళ్లు. ఒకరి బొంత అయ్యాక ఇంకొకరిది. బొంతకు నడిమి భాగమే కష్టం. అంచు నుంచి జానెడు దాకా చేయి సులువుగా పోతుంది. ఆపైన బరువంతా ఒళ్లోకి లాక్కుని, చుట్ట చుట్టి, నడుము వంచి కుట్టాలి. ఎదురుగా ఒక మనిషి కూర్చుని గుడ్డను బిగించి పట్టుకుంటే ఆ కష్టం సగానికి సగం తగ్గుతుంది. మన ఇళ్లల్లో ఆగిపోయిన బొంతలు ఎక్కువగా నడిమికి రాకముందే ఆగిపోవడానికి ఇదొక కారణం.

ఇంకో కారణం నేల. బొంత పూర్తయ్యేదాకా పరిచి ఉంచడానికి ఏడడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు ఖాళీ జాగా కావాలి. రెండు గదుల ఇంట్లో పొద్దున పరిస్తే రాత్రికి మడవక తప్పదు. టాకాలు వేయకుండా మడిచిన బొంతలో పొరలు జరుగుతాయి. మళ్లీ పరిచేసరికి కింది చీర ఒక పక్కకు, నడిమి గుడ్డలు ఇంకో పక్కకు పోయి ముడతలు పడతాయి. సర్దడానికే ఒక పూట అయిపోతుంది. రెండుసార్లు ఇలా జరిగాక ఎవరికైనా మనసు విరిగిపోతుంది. అప్పుడే అది మూటకెక్కి, అక్కణ్నుంచి అటకెక్కుతుంది. మీ గదిలో నేల ఉంది. తాళం ఉంది. పరిచినది పరిచినట్టే వారం రోజులు ఉంచగలిగే మూల ఒకటి ఉంటుంది. మిమ్మల్ని అడగడానికి అదే కారణం.

కలిసి కూర్చోవడం గురించి మీకు నేను చెప్పాల్సిన పని లేదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకోవడానికి కూర్చున్న ఆడవాళ్లే సారా మీద లేచారు. 1993లో సారా నిషేధం దాకా పోయింది ఆ కూర్చోవడం. నేను అడిగేది అంత పెద్ద పని కాదు గానీ, సముద్రం మీద జరిగిన ఒక కూర్చోవడం గురించి మాత్రం చెప్పాలి. 1841 ఏప్రిల్‌లో ఇంగ్లండ్ నుంచి ‘రాజా’ అనే ఓడ సుమారు 180 మంది ఆడ ఖైదీలతో, ఇప్పుడు టాస్మానియా అంటున్న దీవికి బయల్దేరింది. జైళ్లలో ఆడవాళ్ల బాగు కోసం పనిచేసిన ఎలిజబెత్ ఫ్రై, ఆమె వెంట ఉన్న మహిళా సంఘం ఆ ఖైదీలకు సూదులు, దారం, గుడ్డపీలికలు ఇచ్చి పంపారు. ఆ ఖైదీల్లో అందరికీ కుట్టుపని వచ్చని కాదు. కొందరి కుట్టు నున్నగా ఉంటుంది, కొందరిది వంకరపోయి ఉంటుంది. ఓడ జులైలో హోబర్ట్ చేరేసరికి 2,815 ముక్కలు అతికిన పెద్ద దుప్పటి సిద్ధమైంది. అస్తరు, నడుమ పొరలు లేవు కాబట్టి మన లెక్కలో అది బొంత కాదు, అతుకుల పైదుప్పటి. ఇప్పుడది ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలో జాతీయ చిత్రశాలలో ఉంది. ఊగే ఓడలో, రేపేమవుతుందో తెలియని ఆడవాళ్లు మూడు నెలల్లో దాన్ని ముగించగలిగారు. వాళ్లకు దొరికిందల్లా ఒకచోట కూర్చునే వీలు, చేతికందే దారం.

ఇక పని సంగతి. ఏళ్ల తరబడి ఆగిపోయిన బొంతను చేతిలోకి తీసుకోగానే కుట్టు మొదలుపెట్టకూడదు. ముందు నీడలో, గాలి తగిలేచోట ఒక పూట ఆరబెట్టాలి. టాకాలు లేని పొరలను నీళ్లలో ముంచితే అన్నీ ఉండ చుట్టుకుంటాయి కాబట్టి కుట్టు అయ్యేదాకా ఉతుకు లేదు. తర్వాత మడతలు చూడాలి. గంజి పెట్టి దాచిన చీర అయితే పురుగు మడత వెంబడే తింటుంది, గుడ్డ కూడా అక్కడే పిగులుతుంది. చిరుగును రెండు వేళ్లతో పట్టి మెల్లగా లాగి చూడండి. పోగులు విడిపోతుంటే ఆ చోటుకు పాత మెత్తటి నూలుగుడ్డతోనే మాసిక వేయాలి. కొత్త గట్టి గుడ్డ వేస్తే మాసిక నిలుస్తుంది, దాని చుట్టూ ఉన్న పాత గుడ్డ చిరుగుతుంది.

దారం విషయంలోనూ అంతే. నైలాన్, పాలిస్టర్ దారాలు గట్టివని ఎంచుకుంటారు చాలామంది. పాత నూలుకన్నా గట్టి దారం వేస్తే, లాగుడు పడినప్పుడు తెగేది దారం కాదు, చీర. నూలుదారం తెగితే మళ్లీ కుట్టుకోవచ్చు. అందుకని నూలుదారమే, రెండు పోగులు కలిపి, కాస్త మైనం రాసి వాడండి. తుప్పు మరక మీద బ్లీచింగ్ వేయొద్దు, మరక ఇంకా ముదురుతుంది. బొంత పూర్తయ్యాక, ఉతకబోయే ముందు నిమ్మరసం, ఉప్పు పెట్టి చూడవచ్చు, అది కూడా రంగు పోదని ఒక మూల సరిచూసుకున్నాకే. నాలుగు మూలలా బరువులు పెట్టి పొరలను సాపు చేశాక, జానెడేసి దూరంలో పెద్దపెద్ద టాకాలు వేయాలి. టాకాలు పడ్డ బొంతను మడిచినా భయం లేదు. నన్నడిగితే మొదటి మధ్యాహ్నం అందరూ టాకాలకే కేటాయించాలి. ఒక్క వరుస కూడా కుట్టకపోయినా ఫరవాలేదు. టాకాలు పడితే ఇక ఆ బొంత ఇంటికి పోయినా చెడదు.

మొదటి మనిషి కుట్టిన వరుసలను మాత్రం ఎవరూ విప్పకూడదు. అవి వంకరగా ఉండవచ్చు, మన వరుసలకన్నా ఎడంగా ఉండవచ్చు. ఉండనివ్వండి. ఆమె ఆగినచోట నుంచి మన కుట్టు మొదలవ్వాలి. దగ్గర నుంచి చూసేవాళ్లకు అక్కడ చెయ్యి మారిందని తెలుస్తుంది, తెలియాలి కూడా. రంగు కలవకపోయినా, వేరే దారమైనా ఏం కాదు. వరుసలన్నీ ఒకేలా ఉండాలని పాతవి విప్పి కొత్తగా కుట్టేస్తే ఆ ఇంటికి మిగిలేది ఒక దుప్పటి మాత్రమే.

ఇక ముగింపు సంగతి. కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లా అడవుల్లో ఉండే సిద్ది ఆడవాళ్లు పాత గుడ్డలతో ‘కవంది’ అనే బొంత కుడతారు. ఆఫ్రికా నుంచి వచ్చిన పూర్వీకుల సంతతి వాళ్లు. అంచు దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ నడిమికి వస్తారు. చివరికి నాలుగు మూలలా మడిచిన చిన్న గుడ్డ పువ్వులు కుడితేనే బొంత పూర్తయినట్టు. పువ్వులు లేని బొంత వాళ్ల కళ్లకు ఒంటి మీద గుడ్డ లేని మనిషి. పూర్తి చేయడమంటే వాళ్లకున్న ఆ పట్టింపు నాకెంతో నచ్చుతుంది.

మీలో కొందరు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. దీనివల్ల సంఘానికి ఆదాయమేమిటని. ఆదాయం లేదు. ఉండకూడదని కూడా కోరుతున్నాను. పట్నంలో బొంతలకు గిరాకీ ఉందని, మార్కెటింగ్ చేద్దామని, నెలకిన్ని అని లక్ష్యం పెడదామని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. కొత్త బొంతలు కుట్టి అమ్ముకోవడం మంచి పనే. దానికి ఇంకో రోజు పెట్టండి, నేనూ వస్తాను. ఈ మధ్యాహ్నం మాత్రం అమ్ముకోవడానికి కాదు. అమ్మ చీర ముడిసరుకుగా మారిన క్షణం నుంచి దాన్ని చూసే చూపు మారిపోతుంది. తొందర వస్తుంది. ముందు వేగంగా కుట్టేవాళ్లకు చోటు దొరుకుతుంది, చూపు తగ్గిన ముసలమ్మ వెనక్కి పోతుంది. ఆ ముసలమ్మే ఈ గదిలో అందరికన్నా ముందు కూర్చోవాల్సిన మనిషి. ఆమెకు సూదిలో దారం ఎక్కించి పెట్టడానికి ఒక బడిపిల్ల చాలు.

డబ్బు ఇవ్వాల్సినచోట మాత్రం ఇవ్వండి. ఊరూరా తిరిగి బొంతలు కుట్టి పొట్టపోసుకునే సంచార కులాల ఆడవాళ్లు ఇంకా ఉన్నారు. సగం పిగిలిన గుడ్డను చూసి ఇది ఆగుతుందో ఆగదో చేత్తో తాకి చెప్పగలరు వాళ్లు. వాళ్లను పిలిచి, గదిలో పెద్దరికం ఇచ్చి, ఆ పూట కూలి చేతిలో పెట్టి నేర్పించమనండి. ఉచితంగా నేర్పమనడం న్యాయం కాదు. కుట్టు మిషన్లు మీ దగ్గర ఉంటే అవీ పనికొస్తాయి. తెలంగాణలో 2024 నుంచి బడిపిల్లల యూనిఫాంలు సంఘాల ఆడవాళ్లే కుడుతున్నారు కాబట్టి చాలా మండలాల్లో చేయి తిరిగినవాళ్లకు కొదవ లేదు. బొంత చుట్టూ అంచుపట్టీ వేయడానికి మిషన్ బాగుంటుంది. పాత చీర నడిమిలోకి మాత్రం మిషన్ రానివ్వకండి. అంత మందం దాని కింద సరిగా నడవదు, నడిచినా దగ్గర దగ్గరగా పడ్డ ఆ కుట్టు పాతగుడ్డను చిల్లులు పొడిచి వరుస వెంబడి చింపుతుంది.

ఇప్పుడు అన్నిటికన్నా కష్టమైన మాట. ఆగిపోయిన బొంతల్లో చాలావాటిని మొదలుపెట్టిన మనుషులు ఇప్పుడు లేరు. పోయినవాళ్ల గుడ్డలు ఇంట్లో ఉంచుకోకూడదని నమ్మే ఇళ్లు ఉన్నాయి. వాళ్ల నమ్మకాన్ని కాదనొద్దు, తెమ్మని ఒత్తిడి చేయొద్దు. కానీ పారేయలేక, కుట్టలేక, ఆ మూటను ముట్టుకోవడానికే భయపడుతూ ఏళ్లు గడిపేవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లకు ఒంటరిగా విప్పడమే భయం. నలుగురిలో విప్పితే ఏడుపొచ్చినా పక్కన మనిషి ఉంటుంది. అమెరికాలో అలబామా రాష్ట్రం జీస్ బెండ్ అనే నల్లవాళ్ల పల్లెలో మిసౌరీ పెట్‌వే అనే ఆవిడ, భర్త చనిపోయాక, 1942లో, అతను పొలంలో తొడుక్కున్న పని బట్టలతోనే బొంత కుట్టుకుంది. గుర్తుగా ఉంచుకుని కప్పుకోవడానికి. పత్తిచేలలో పనిచేసిన కుటుంబం అది. పనిలో అరిగిన నీలం గుడ్డ అలాగే కనిపిస్తుంది ఆ బొంతలో. గుంటూరులో, ఆదిలాబాద్‌లో పత్తి తీసే ఇళ్లకు ఆ గుడ్డ ఏమిటో చెప్పనక్కర్లేదు.

అమెరికాలోనే 2022లో ‘లూజ్ ఎండ్స్’ అనే సంస్థ మొదలైంది. చనిపోయినవాళ్లో, జబ్బు వల్ల చేయి ఆడనివాళ్లో సగంలో వదిలిన అల్లికలను, బొంతలను కూలి తీసుకోకుండా పూర్తి చేసిపెట్టే మనుషులను వెతికి ఆ కుటుంబాలతో కలుపుతుంది. వేలమంది పేర్లు ఇచ్చారు. అక్కడ ఒక్కోసారి ఒకరి ఇంటి నుంచి ఇంకొకరి ఇంటికి పోస్టులో పంపుకోవాల్సి వస్తోంది. మనకు గ్రామ సంఘాలున్నాయి, మండల సమాఖ్య ఉంది, నెలనెలా ఒకరి ముఖం ఒకరు చూసుకునే అలవాటుంది. ఏ వీధిలో ఎవరి కుట్టు బాగుంటుందో మీకు పుస్తకం తెరవకుండానే తెలుసు.

ఒక రకం బొంతలను మాత్రం అన్నిటికన్నా ముందు ముగించమని వేడుకుంటాను. చంటిపిల్లలకని మొదలుపెట్టిన చిన్న బొంతలు. కూతురికి నెలలు నిండేలోపు అవ్వ మొదలుపెట్టి ఉంటుంది. బిడ్డ తొందరగా పుట్టి ఉంటుంది, లేదా కూతురు కాన్పుకు రాకుండా హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో ఆగిపోయి ఉంటుంది. ఆ బిడ్డ ఇప్పుడు ఇంటర్ చదువుతుండవచ్చు. అయినా ముగించాలి. నూలు చీర ఎంత ఉతికితే అంత మెత్తన. ఇరవై ఏళ్లు కట్టి ఉతికిన చీర మెత్తదనం ఏ దుకాణంలోనూ కొనడానికి దొరకదు. మనం కట్టే చీరలు చాలావరకు పాలిస్టర్‌కు మారిపోయాయి కాబట్టి, మన పిల్లలకు మనం ఇవ్వగలిగే పాత నూలు చీరలు కూడా ఇంక ఎక్కువ లేవు. అటక మీద ఉన్నవే ఉన్నాయి.

అవి కూడా తగ్గిపోతున్నాయి. పాత బట్టలకు స్టీలు గిన్నెలిస్తామని వీధిలో కేక వినపడగానే మూట కిందికి దిగుతుంది. ఇల్లు మారినప్పుడు చెత్తబండికి పోతుంది. ఇక భోగి ఉండనే ఉంది. పాత చాపలతోపాటు ఈ మూటలూ మంటల్లో పడతాయి. భోగి ఆచారానికి నేను అడ్డు చెప్పను. చీపుర్లు వేయండి, విరిగిన తట్టలు వేయండి. ఈసారి భోగికి వారం ముందు గ్రామ సంఘం సమావేశాల్లో ఒక్క మాట చెప్పించండి: ఒక్క వరుసైనా కుట్టుపడిన బొంతను మంటలో వేయొద్దు, గిన్నెకు ఇవ్వొద్దు, సమాఖ్య భవనానికి తీసుకురండి అని. ఇంట్లో ఎవరికీ అక్కర్లేకపోతే తీసుకుని పూర్తి చేసేవాళ్లు ఉంటారు. మొదలుపెట్టిన మనిషి పేరు ఒక పట్టీ మీద రాసి మూలకు కుట్టించుకోండి.

ఏ రోజు, ఏ నెల అన్నది మీ చేతిలోనే ఉంది. పత్తి ఊళ్లకు ఒక కాలం తీరిక, మిర్చి ఊళ్లకు ఇంకో కాలం. సంత రోజు మాత్రం వద్దు. మధ్యాహ్నం రెండింటి నుంచి నాలుగున్నర దాకా అయితే పాలు పితికే వేళకు, పిల్లలు బడి నుంచి వచ్చే వేళకు ఇళ్లకు చేరవచ్చు. గదిలో కావలసినవి నూలుదారం ఉండలు, సూదులు, రెండు కత్తెరలు, మూలలకు బరువులు, నేల తుడిచే గుడ్డ, తాగే నీళ్లు. హాజరు పుస్తకం పెట్టకండి. ఫొటోలు తీసి పైకి పంపాల్సిన అవసరమూ లేదు. తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో తలుపు మీద రాసి అంటించండి.

మొదటి వారం ఎవరూ రాకపోతే రెండో వారం కూడా తలుపు తెరవండి. ఏళ్లనాటి మూటను చంకన పెట్టుకుని నలుగురి ముందు రోడ్డు మీదికి రావడానికి కొందరికి ఒక వారం ఆలోచన పడుతుంది.

ఇట్లు,
మీలాగే ఒక పొదుపు సంఘం సభ్యురాలు